ఎండింగ్ నచ్చలేదు అన్నప్పుడు నచ్చనిది ఏది?

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. ఈ గంటలో ఇవాంజెలియన్, అటాక్ ఆన్ టైటాన్, కోడ్ గియాస్ అనే మూడు అనిమేల, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్‌ల, ముగింపులు దాచకుండా మాట్లాడతాను. వీటిలో ఏదైనా ఇంకా చూడనివాళ్లుంటే ఇప్పుడే లేచి వెళ్లిపోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ పేరు కూడా వస్తుంది గానీ దాని గుట్టు విప్పను.

సరే. ఒక పెద్ద సిరీస్‌కి శుభం కార్డు పడిన రాత్రి ఫ్యాన్స్ అనే మాటలు గమనించండి. తిప్పి తిప్పి నాలుగే ఉంటాయి. "ఏడిపించేశారు." "ఇంతేనా?" "హడావిడిగా చుట్టేశారు." "క్యారెక్టర్‌ని నాశనం చేశారు." నాలుగూ ఎండింగ్ మీదే అన్నట్టు వినిపిస్తాయి. కానీ ఒక్కోటి ఒక్కో దాని గురించి. "ఏడిపించేశారు" అన్నదాంట్లో సగం సంగీతానిది, గొంతు ఇచ్చినవాళ్లది. "ఇంతేనా" అన్నది ఎదురుచూపు మీద ఫిర్యాదు. వారం వారం మనం మనసులో ఒక ఎండింగ్ రాసుకుంటూ వస్తాం, తెర మీదిది దానితో పోటీకి దిగి ఓడిపోతుంది. "హడావిడి" నిమిషాల లెక్క. నాలుగోది మాత్రమే కథ మీద అసలైన విమర్శ. ఇవన్నీ ఒకే మూటకట్టి "ఎండింగ్ చెత్త" అనేస్తే ఇక మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. మూట విప్పితే తెల్లారేదాకా మాట్లాడుకోవచ్చు. ఇవాళ ఆ మూట విప్పే పనే.

ముందు లెక్కతో తేలిపోయేది చూద్దాం, హడావిడి. టీవీ అనిమే అంటే అరగంట స్లాట్. ప్రకటనలు పోగా ఎపిసోడ్ సుమారు 24 నిమిషాలు. ఓపెనింగ్ పాట 90 సెకన్లు, ఎండింగ్ పాట ఇంకో 90. ప్రివ్యూ, మధ్యలో ప్రకటనల విరామం దగ్గర పడే చిన్న ముక్క, అంటే ఐక్యాచ్ కూడా తీసేస్తే కథకి దక్కేది 20, 21 నిమిషాలు. చాలా అనిమేలకి మూలం మాంగా, అంటే జపాన్ కామిక్. వారపత్రికలో వచ్చే మాంగా చాప్టర్ దాదాపు 19 పేజీలుంటుంది. ఎపిసోడ్‌కి రెండు చాప్టర్లు పెడితే 38 పేజీలు, అంటే పేజీకి 33 సెకన్లు. ఐదు చాప్టర్లు కుక్కితే 95 పేజీలు, పేజీకి 13 సెకన్లు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఫైట్ పేజీని 13 సెకన్లలో దాటేసినా నష్టం లేదు, ఒక్కోసారి అదే బాగుంటుంది. ఆరు మాటల బుడగలున్న పేజీని మాత్రం ఎంత గడగడా చదివినా 13 సెకన్లలో పలకలేరు. అప్పుడు ఏం తీసేస్తారు? మనసులో అనుకునే మాటలు. పాత్ర ఎందుకు ఆ నిర్ణయం తీసుకుందో చెప్పే మాటలే అవి. అందుకే హడావిడి అనేది ఫైట్‌లో దొరకదు, ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సీన్‌లో దొరుకుతుంది. "క్యారెక్టర్ ఉన్నట్టుండి మారిపోయాడు" అన్న ఫిర్యాదు వచ్చిన ప్రతిసారీ మాంగా తీసి ఆ చోట ఎన్ని బుడగలు ఎగిరిపోయాయో లెక్కపెట్టండి. చాలాసార్లు నాలుగో ఫిర్యాదు అనుకున్నది మూడో ఫిర్యాదుగా తేలుతుంది.

చివరి ఎపిసోడ్‌లో ఓపెనింగ్ పాట రాకపోతే ఫ్యాన్స్ కేరింతలు కొడతారు, పాట ఎక్కడో ఫైట్ మధ్యలో వస్తుందని తెలుసు కాబట్టి. అది స్టైల్ కోసం చేసేదే, కాదనను. అదే చేత్తో 90 సెకన్లు కథకి మిగులుతాయి. చివర్లో వేసే పేర్లని కథ నడిచే సీన్ మీదే వేస్తే ఇంకో 90. మూడు నిమిషాలంటే చిన్నదేం కాదు, 21లో ఏడో వంతు.

ఎపిసోడ్లు ఎన్ని అన్నది కథని బట్టి తేలదు. కూర్ అంటే మూడు నెలల స్లాట్, 12 లేదా 13 ఎపిసోడ్లు. పెట్టుబడి పెట్టిన కమిటీ, ఛానల్ కలిసి ముందే కుదుర్చుకుంటారు. మధ్యలో కోత పడటమూ ఉంది. 1979లో మొదలైన, భారీ రోబోల కథ గండమ్ తొలి సిరీస్‌ని 52 ఎపిసోడ్లకి అనుకున్నారు, రేటింగ్ లేక 43కి కోసి 1980 జనవరిలో ముగించేశారు. ఆ తొమ్మిది ఎపిసోడ్లు లేని గండమే మళ్లీ ప్రసారమై, రోబో బొమ్మల కిట్లు అమ్ముడై, 1981లో సినిమాగా వచ్చేసరికి టోక్యోలోని షిన్‌జుకులో వేలమంది ఫ్యాన్స్ గుమిగూడారు. మొదటి రాత్రి లెక్కే చివరి లెక్క అయితే గండమ్ అక్కడే ఆగిపోవాలి.

ఇప్పుడు ఇవాంజెలియన్. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. 1995 అక్టోబర్ 4న టీవీ టోక్యోలో మొదలై 1996 మార్చి 27న 26వ ఎపిసోడ్‌తో ముగిసింది. 24వ ఎపిసోడ్‌లో కథానాయకుడైన పిల్లాడు షింజీ తనని ఇష్టపడిన ఒకే ఒక్క స్నేహితుణ్ణి తన చేత్తోనే చంపాల్సి వస్తుంది. ఆ తర్వాత ఎవరైనా ఏం ఎదురుచూస్తారు? పెద్ద యుద్ధం, రహస్యాలన్నీ బయటపడటం. 25వ ఎపిసోడ్ తెరిస్తే చీకట్లో ఒక కుర్చీ, దాని మీద లైటు, తెర నిండా అక్షరాల్లో ప్రశ్నలు. 26వ దాంట్లో బొమ్మ రంగులు కోల్పోయి పెన్సిల్ గీతలవుతుంది, మధ్యలో ఫొటోలు వస్తాయి. ఉన్నట్టుండి షింజీ మామూలు స్కూలు పిల్లాడిగా నిద్రలేచే కామెడీ సీన్ ఒకటి. చివర్లో అందరూ చుట్టూ నిలబడి చప్పట్లు కొడుతూ ఒక్కొక్కరే "అభినందనలు" అంటారు. షింజీ నవ్వుతాడు. అయిపోయింది. బయట ప్రపంచం ఏమైందో ఒక్క ముక్క చెప్పరు.

ఫ్యాన్స్ భగ్గుమన్నారు. ఆ కోపాన్ని మన నాలుగు డబ్బాల్లో వేసి చూడండి. తయారీ షెడ్యూల్ కుప్పకూలిన మాట నిజం, కదలని బొమ్మలూ గీతలూ అందుకు సాక్ష్యం. కానీ చివర్లో చప్పట్లు కొట్టింది టైం లేక మాత్రమే అనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఈ పిల్లాడు తనని తాను భరించగలడా అన్నది మొదటి ఎపిసోడ్ నుంచీ నలుగుతున్న ప్రశ్న. 26వ ఎపిసోడ్ దానికి జవాబు చెప్పింది. చెప్పనిది రెండో ప్రశ్నకి: బయట ఏం జరిగింది? ఫ్యాన్స్ అడిగింది రెండోది, దొరికింది మొదటిదానికి జవాబు. అంటే ఫిర్యాదు సరైనదే, దానికి పెట్టిన పేరు తప్పు. "అర్థంపర్థం లేని ఎండింగ్" అన్నారు, "సగం ఎండింగ్" అనాల్సింది.

ఆ రెండో సగమే 1997 జూలై 19న ది ఎండ్ ఆఫ్ ఇవాంజెలియన్ సినిమాగా వచ్చింది. అందులో బొమ్మలు ఆగిపోయి నిజమైన ఫొటోగ్రఫీ వచ్చే భాగం ఒకటుంది, థియేటర్ సీట్లలో కూర్చున్న జనం కనిపిస్తారు. ఆ చుట్టుపక్కలే ఫ్యాన్స్ రాసిన సందేశాలు తెర మీద రెప్పపాటులో పడి మాయమైపోతాయి. పాజ్ చేస్తేనే అవి ఉత్తరాలని తెలుస్తుంది. మెచ్చుకున్నవీ ఉన్నాయి, బెదిరించినవీ ఉన్నాయి. ఎండింగ్ మీద వచ్చిన రియాక్షన్‌నే తీసుకెళ్లి రెండో ఎండింగ్‌లో పెట్టాడు దర్శకుడు హిదెయాకి అన్నో. రియాక్షన్ గురించి మాట్లాడేవాళ్లు ఈ కొన్ని సెకన్లని ఒక్కో ఫ్రేమే జరుపుతూ చూడాలి.

ఇక టైటాన్. హాజిమె ఇసాయామా మాంగా 139వ చాప్టర్‌తో 2021 ఏప్రిల్ 9న ముగిసింది. అనిమే చివరి భాగం 2023 నవంబర్‌లో వచ్చింది, 85 నిమిషాల స్పెషల్. మధ్యలో రెండేళ్ల ఏడు నెలలు. ఆ అంతరం వల్ల ఫ్యాన్స్ రెండు జట్లయ్యారు: చదివేసి కోపంతో ఉన్నవాళ్లు, ఏమీ తెలియకుండా ఎదురుచూస్తున్నవాళ్లు. దీని పక్కన ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ బ్రదర్‌హుడ్ పెట్టి చూడండి. మాంగా 2010 జూన్‌లో అయిపోయింది, అనిమే 64వ ఎపిసోడ్ జూలై 4న. నెల రోజులు కూడా లేదు. కాబట్టి జట్లు కట్టే వ్యవధే లేదు, అందరూ దాదాపు ఒకేసారి ముగింపు చూశారు. దాని ఎండింగ్ బాగుందని అందరూ ఒకే గొంతుతో అనడానికి కథ బిగువు ముఖ్య కారణమే, ఈ తేదీల కలయిక కూడా కొంత సాయం చేసిందని నా లెక్క.

టైటాన్‌లో గొడవ ఎక్కడ? కథానాయకుడు ఎరెన్, అతని చిన్ననాటి స్నేహితుడు ఆర్మిన్ చివరిసారి మాట్లాడుకునే చోట. మనుషుల్లో అత్యధిక భాగాన్ని తొక్కి చంపిన స్నేహితుడితో మాంగాలో ఆర్మిన్, మాకోసం హంతకుడివి అయినందుకు థ్యాంక్స్ అన్న అర్థంలో ఒక మాట అంటాడు. ఆ ఒక్క వాక్యం మీద మంటలు లేచాయి. హత్యాకాండని రచయిత సమర్థిస్తున్నాడా అన్నారు. అనిమేలో అదే సీన్‌లో ఆర్మిన్ ఆ మాట అనడు. బయట ప్రపంచం గురించి పుస్తకం చూపించి నీలో ఆశ పుట్టించింది నేనే కదా అంటాడు, గవ్వ చేతిలోకి తీసుకుంటాడు, నరకంలో కూడా ఇద్దరం కలిసే ఉంటాం అంటాడు. పాపంలో వాటా తీసుకుంటాడు. కథలో జరిగింది ఏమీ మారలేదు. చచ్చినవాళ్లు చచ్చారు, ఎరెన్‌ని ప్రేమించిన మికాసా చేయాల్సింది చేసింది, అతన్ని చంపింది. మారింది కొద్దిపాటి మాటలు. మాంగా ముగింపుని తిట్టిపోసినవాళ్లలో కొందరు అనిమే చూసి మెత్తబడ్డారు. అంటే వాళ్లకి నచ్చనిది కథలో మలుపు కాదన్నమాట, మాట. ఇంత శుభ్రంగా తేడా కొలవడానికి వీలున్న ఉదాహరణ అనిమేలో మళ్లీ దొరకడం కష్టం.

మరి మికాసా వేరేవాణ్ణి ప్రేమించడం తనకి ఇష్టం లేదని, కనీసం పదేళ్లయినా తనే ఆమె మనసులో ఉండాలని ఎరెన్ వెక్కి వెక్కి ఏడ్చే ఘట్టం? అది అనిమేలోనూ ఉంది. దాని మీద కోపమూ అలాగే ఉంది. అది అసలైన నాలుగో ఫిర్యాదు: ఇన్నాళ్లూ రాయిలా కనిపించినవాడు పిల్లాడిలా ఏడవడం ఒప్పుకోగలమా లేదా. ఎరెన్ పంతొమ్మిదేళ్లవాడే అని గుర్తుచేసేవాళ్లతో నేనుంటాను. ఒప్పుకోనివాళ్ల దగ్గరా గట్టి వాదనే ఉంది: ఆ పిల్లాడితనాన్ని అంతకుముందు ఎపిసోడ్లలో ఇంకాస్త కనిపించనివ్వాల్సింది అని.

తెరిచి వదిలేసిన ముగింపుల గురించి క్లుప్తంగా. కోడ్ గియాస్ రెండో సీజన్ 25వ ఎపిసోడ్ 2008 సెప్టెంబర్ 28న వచ్చింది. కథానాయకుడు లెలూష్ కత్తిపోటుతో చనిపోతాడు. ఆఖర్న గడ్డిబండి మీద అతని సహచరి సీ.టూ పడుకుని లెలూష్ పేరు పెట్టి పలకరిస్తుంది. బండి తోలేవాడి ముఖం కనిపించదు. అంతే, బతికున్నాడా లేదా అని ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. 2019 సినిమాలో లెలూష్ తిరిగి వచ్చాడు కాబట్టి వాదన తీరిందనుకుంటే పొరపాటు. ఆ సినిమా టీవీ సిరీస్‌కి కొనసాగింపు కాదు, అంతకుముందు టీవీ ఎపిసోడ్లని కుదించి తీసిన మూడు సంకలన సినిమాలకి కొనసాగింపు. టీవీలో చనిపోయిన షర్లీ అనే అమ్మాయి వాటిలో చనిపోదు. దారి వేరు. వాదించేటప్పుడు ఏ దారిలో ఉన్నామో ముందు చెప్పుకోవాలి, లేకపోతే ఇద్దరూ కరెక్టే అయి గంటసేపు అరుచుకుంటారు.

బొమ్మ మీద ఫిర్యాదులకి వద్దాం. చివరి ఎపిసోడ్ రాత్రి ఒక వంకర ముఖం స్క్రీన్‌షాట్ తప్పకుండా తిరుగుతుంది. సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు ఉంచితే సెకనుకి 12 బొమ్మలు, మూడు ఉంచితే 8. వేగంగా కదిలేటప్పుడు మధ్య బొమ్మని కావాలనే సాగదీసి గీస్తారు, కంటికి కదలిక నునుపుగా అనిపించాలని. దాన్ని ఆపి చూస్తే వికారంగానే ఉంటుంది. తేల్చుకోవడానికి ఒక పని చేయండి: వీఎల్‌సీ ప్లేయర్‌లో పాజ్ చేసి ఇంగ్లిష్ అక్షరం E నొక్కితే ఒక్కో ఫ్రేమ్ ముందుకు జరుగుతుంది. ఆ ముఖం రెండు మూడు ఫ్రేముల్లో సర్దుకుంటే అది పనితనం. అర సెకను దాటి, మాట్లాడుతున్న ముఖం మీద కూడా వంకర అలాగే ఉంటే టైం చాలలేదన్నమాట. ఇలాంటివి డిస్క్ విడుదలలో దిద్దుతుంటారు.

చీకటి సీన్లు గళ్లుగళ్లుగా, మెట్లుమెట్లుగా కనిపిస్తే అది స్ట్రీమింగ్ కోసం వీడియోని కుదించడం, అంటే కంప్రెషన్ వల్ల, స్టూడియోని తిట్టకండి. మెరుపుల చోట బొమ్మ ఉన్నట్టుండి మసకబారితే దానికి వేరే కారణం: 1997 డిసెంబర్‌లో పోకేమాన్ ఎపిసోడ్ మెరుపులకి వందలమంది పిల్లలు ఆసుపత్రుల పాలైన తర్వాత జపాన్ టీవీలో వచ్చిన నియమాలు. డిస్క్‌లో ఆ మసక చాలావరకు ఉండదు.

నలుగురూ కూడి చూసేవాళ్ల కోసం కొన్ని జాగ్రత్తలు. అన్నిటికంటే ముందు ఆటో ప్లే ఆపండి. పేర్లు పడటం మొదలవగానే తెర చిన్నదై వేరే సిరీస్ ట్రైలర్ వచ్చేస్తుంది, పేర్ల తర్వాతి సీన్ పోతుంది. టైటాన్‌లో పేర్లు నడుస్తుండగానే నగరం పెరిగి యుద్ధంలో కూలిపోవడం, ఎరెన్‌ని పాతిపెట్టిన చెట్టు దగ్గరికి ఒక పిల్లాడు కుక్కతో రావడం అంతా చూపిస్తారు. అది చూడనివాళ్లు "హ్యాపీ ఎండింగ్" అనుకుని ఇంటికెళతారు. ప్రొజెక్టర్ అయితే అంతకుముందు ఎపిసోడ్‌లో ఒక చీకటి సీన్ వేసి వెలుగు సరిచూసుకోండి. వెనక వరుస నుంచి సబ్‌టైటిల్ చదవగలుగుతున్నారో లేదో అప్పుడే తెలుస్తుంది. ఎవరిళ్లలో వాళ్లు ఒకేసారి చూస్తుంటే అందరూ సున్నా దగ్గర పాజ్ చేసి, ఒకరు లెక్కపెట్టగా ప్లే నొక్కాలి. మధ్యలో ఐక్యాచ్ దగ్గర, అంటే 11, 12 నిమిషాలప్పుడు, ఇంకోసారి సరిచేసుకోవాలి. ఐదు సెకన్లు ముందున్నవాడు చాట్‌లో "అయ్యో" అంటే చాలు, మిగతావాళ్లకి ఆ సీన్ చచ్చినట్టే. మాంగా చదివినవాళ్లని వెనక కూర్చోబెట్టండి. వాళ్ల నిట్టూర్పు కూడా స్పాయిలరే, అంటే ముందే గుట్టు చెప్పేసినట్టే.

బహిరంగ ప్రదర్శన అయితే హక్కులు చూసుకోవాలి. మన స్ట్రీమింగ్ ఖాతా ఇంట్లో చూసుకోవడానికి ఇచ్చింది, మైదానంలో తెర కట్టడానికి ఇచ్చింది కాదు. 2018 మార్చిలో డ్రాగన్ బాల్ సూపర్ చివరి ఎపిసోడ్లని మెక్సికోలో, మరికొన్ని లాటిన్ అమెరికా దేశాల్లో చౌరస్తాల్లో వేలమందికి చూపించే ఏర్పాట్లు జరిగితే, వాటికి మా అనుమతి లేదని దాన్ని తీసిన తొయెయ్ యానిమేషన్ ప్రకటన ఇచ్చింది. ఆ వీడియోలు చూస్తే ఫుట్‌బాల్ ఫైనలేమో అనిపిస్తుంది. అభిమానం అంతటిదే, అనుమతి మాత్రం విడిగా తెచ్చుకోవాలి.

మొదటి రాత్రి ఏదైనా రాసేవాళ్లకి: నచ్చలేదు అని రాస్తే పక్కన నిమిషం వేయండి. "17:40 దగ్గర ఆమె ఎందుకు క్షమించిందో నాకు అందలేదు" అంటే దానికి జవాబు చెప్పేవాళ్లుంటారు. స్పాయిలర్‌ని శీర్షికలో, మొదటి రెండు లైన్లలో, ఫొటోలో పెట్టకండి. దాచిన లైన్‌కి ముందు ఏ ఎపిసోడ్ వరకు అన్నది రాయండి. రేటింగ్ ఇవ్వడానికి తొందరేం లేదు. మొదటి రోజు పడేవన్నీ పదులూ ఒకట్లే. ప్రాణం పెట్టినవాళ్లూ పళ్లు కొరికేవాళ్లూ అందరికంటే ముందు వస్తారు, ఆరో ఏడో వేసేవాడు తీరిగ్గా వస్తాడు.

ప్రశ్నలకి టైం ఉంది. వెనక నుంచి తమ్ముడు ఏదో అడుగుతున్నాడు... సబ్‌టైటిల్స్‌లో చివరి డైలాగ్ ఒకచోట "నేను" అని ఉంది, ఇంకోచోట "మనం" అని ఉంది, ఏది నమ్మాలి అని. మంచి ప్రశ్న. మన భాషలో కర్త చెప్పకపోయినా క్రియ చివర తోక ఉంటుంది: వెళ్తాను, వెళ్తాం, వెళ్తాడు. జపనీస్ క్రియకి ఆ తోక లేదు. నేనైనా మనమైనా వాడైనా క్రియ ఒకటే. కర్తని వదిలేస్తే సందర్భాన్ని బట్టి ఊహించాలి, అనువదించేవాళ్లు ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. అందుకని రెండు సబ్‌టైటిల్స్ తేడాగా ఉంటే రెండిట్లో ఒకటి తప్పని అనుకోవద్దు. ఆ వాక్యంలో కర్త ఉందా లేదా అని జపనీస్ వచ్చినవాళ్లని అడుగు. లేదంటే ఆ సందేహం రచయితదే, దాన్ని అలాగే ఉంచుకో.

ఇంకొకటి... రెండోసారి ఎప్పుడు చూడాలి అంటున్నారమ్మా? వారం ఆగండి. చివరిది ఒక్కటే కాకుండా రెండు ఎపిసోడ్లు వెనక్కి వెళ్లి, పాజ్ లేకుండా, ఫోన్ పక్కన పెట్టి చూడండి. మొదటి రాత్రి రాసింది చెరపకండి. దాని కిందే తేదీ వేసి రెండోది రాయండి. మీ నాలుగు ఫిర్యాదుల్లో ఎన్ని మిగిలాయో అప్పుడు చూసుకోండి. సాధారణంగా "ఇంతేనా" మొదట ఎగిరిపోతుంది. "హడావిడి" మాత్రం మిగులుతుంది, నిమిషాలు రెండోసారి చూస్తే పెరగవు కదా.